అది మురికి కాదండీ

మా కెమిస్ట్రీ మేడంగారు పోయిన మంగళవారం పొద్దున్న అమలాపురంలో కన్నుమూశారు. నేను కొత్తపేటలో ఇంటర్ పిల్లలకి క్లాసు చెబుతుండగా వాళ్ల అక్కగారు ఫోన్ చేశారు. "చెల్లి వెళ్లిపోయిందమ్మా. సాయంత్రం మా ఊరు తీసుకెళ్లిపోతున్నాం, అల్లవరం పక్కన. వీలుంటే రా," అన్నారు. కాసేపటికే మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఫొటోకి పూలదండ బొమ్మ తగిలించి, కింద "శాంతమూర్తి, సహనశీలి" అని ఎవరో రాశారు. దాని కింద వరసగా దణ్ణాలు.

నేను దణ్ణం పెట్టలేదు. ఆవిడ శాంతమూర్తి కాదు. సహనం అసలే లేదు. పోయినవాళ్లందరికీ ఒకే కొలతతో కుట్టే చొక్కా ఆవిడకి తొడగడం నాకు నచ్చలేదు. ఇది రాయడానికి కూర్చున్నది అందుకే.

పొట్టి మనిషి. చిన్నప్పుడు పోలియో రావడంతో ఎడమకాలు ఈడ్చి నడిచేవారు. కాలేజీలో మా ల్యాబ్ మేడ మీద ఉండేది. కింద గది ఇస్తామని ప్రిన్సిపాల్‌గారు అంటే, "నాకు గది కాదండి కావలసింది, మెట్లకి పక్కన పట్టుకునే కమ్మీ," అని కమ్మీ వేయించుకున్నారు. వాళ్ల అమ్మగారూ, అక్కగారూ ఊరి చేలల్లో ఊడ్పులకి వెళ్లి ఆవిడని చదివించారు. ఆ సంగతి దాచేవారు కాదు, చెప్పుకుని జాలి పుట్టించేవారూ కాదు. ఎవరు ఏం చెప్పినా ముందు ఒకటే అడిగేవారు: "ఏ ఆధారంతో అంటున్నావు?"

డిగ్రీ చివరి ఏడాదిలో మాకు ప్రాజెక్టు ఉండేది. మిగతా బ్యాచ్‌లు పై ఏడాదివాళ్ల ఫైళ్లు తెచ్చుకుని అట్టలు మార్చాయి. మేడంగారు మా ముగ్గురినీ పిలిచి సబ్బు వండమన్నారు. ముగ్గురమంటే నేనూ, రావులపాలెం నుంచి బస్సులో వచ్చే అమ్మాయీ, అంతర్వేదిలో చేపల వేటకి వెళ్లే ఇంటి అబ్బాయీ. కొబ్బరినూనెలో కాస్టిక్ పొటాష్ వేసి మెత్తటి సబ్బు చేశాం. మాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"ద్రవ స్ఫటికాలంటే టీవీ తెరలోనే ఉంటాయనుకుంటున్నారు కదా. నీళ్లలా పారుతుంది, లోపల మాత్రం అణువులు స్ఫటికంలా వరసలో ఉంటాయి. టీవీలో ఉండేది వేడిని బట్టి మారేది. ఇది కలిపిన నీళ్లని బట్టి మారేది. నీళ్లు ఎక్కువైతే ఒక వరస, తక్కువైతే ఇంకో వరస. మీ బట్టల సబ్బులోనే ఉందమ్మా ఇదంతా," అన్నారు.

బోటనీవాళ్ల దగ్గర మైక్రోస్కోపు అడిగి తెచ్చారు. పాడైపోయిన కంప్యూటర్ తెర నుంచి, వెలుగుని ఒకే దిక్కులో పోనిచ్చే పోలరాయిడ్ రేకులు ఒలిపించారు. ఒక రేకు గాజుపలక కింద, ఇంకోటి పైన, ఒకదానికొకటి అడ్డంగా పెడితే మధ్యలో అంతా చీకటి. ఆ చీకట్లోకి చిటికెడు సబ్బు పెట్టి, అంచున ఒక నీటిచుక్క వదిలారు. నీళ్లు మెల్లగా సబ్బులోకి పాకుతుంటే చీకట్లోంచి రంగులు లేచాయి. నీళ్లవైపు చిన్న చిన్న విసనకర్రలు ఒకదానిమీద ఒకటి విచ్చుకున్నాయి. లోపలివైపు నూనె చారల్లాంటి మెరిసే గీతలు, వాటి మధ్య గుండ్రటి చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో నల్లటి శిలువ. అంతర్వేది అబ్బాయి కన్ను తియ్యకుండా, "వలలు ఆరేసినట్టుందండి," అన్నాడు. ఆవిడ అతని భుజం తట్టి, "ఆయ్, ఆ వల ఎక్కడ చిరిగిందో అది గీసి చూపించు," అన్నారు. ఆ వేసవంతా మేం ఆ చిరుగులే గీశాం.

పరీక్షకి బయటి నుంచి ఒక ఎగ్జామినర్‌గారు వచ్చారు. మా ఫైలు తిరగేసి, ఫొటోలు దూరంగా పెట్టి చూసి, "ఇదేం ప్రాజెక్టమ్మా? స్లైడు కడగలేదు. ఎక్కడ చూసినా గీతలు, మచ్చలు. శాంపిలంతా లోపాలే. దీనికి మార్కులెలా వేస్తాను?" అన్నారు. రావులపాలెం అమ్మాయి కళ్లు నిండిపోయాయి. దానికి బీఈడీ సీటు ఈ మార్కుల మీద ఉంది.

మేడంగారు గది చివర నుంచి కాలు ఈడ్చుకుంటూ వచ్చారు.

"ఏ లోపమూ లేకపోతే మార్కులేస్తారాండి?"

"వెయ్యనా మరి?"

"అయితే చీకటికి వేస్తారన్నమాట. అణువులన్నీ తప్పు లేకుండా నిటారుగా నిలబడితే ఈ రెండు రేకుల మధ్య ఏమీ కనపడదండి, నల్లగా ఉంటుంది. వరస ఎక్కడ తిరిగిందో, ఎక్కడ తెగిందో అక్కడే గీత కనపడుతుంది. ఆ గీతల తీరు చూసే ఇది ఏ దశో, అంటే లోపల ఏ వరసో చెప్పగలం. వీళ్లు గీసింది మురికి కాదండీ."

"మురికి కాదని మీకెలా తెలుసండి?"

ఆ ప్రశ్నకి ఆవిడ మొహం వెలిగింది. అంతసేపూ దానికోసమే చూస్తున్నట్టు కుర్చీ లాగి, "కూర్చోండి. మీరే కడగండి పలకని," అన్నారు. ఆయన నిజంగానే కడిగారు, తన రుమాలుతో తుడిచారు. సబ్బు ఆయన చేతే పెట్టించారు. నీటిచుక్క ఆయన చేతే వేయించారు. విసనకర్రలు మళ్లీ వచ్చాయి, శిలువలు మళ్లీ వచ్చాయి.

"ఇప్పుడు సబ్బుని కదపకండి. కింద రేకునీ పై రేకునీ కలిపి, ఒకే లెక్కన కొంచెం తిప్పండి. మురికైతే శిలువ కూడా తిరక్కుండా ఉండాలి కదండీ?"

ఆయన తిప్పారు. చుక్క ఉన్నచోటే ఉంది. దానిలో శిలువ మాత్రం రేకులతోపాటు తిరిగింది. ఆయన వెనక్కి తిప్పారు, ముందుకి తిప్పారు. బయట మిగతా బ్యాచ్‌లు ఎదురుచూస్తున్నాయి. చివరికి తల ఎత్తి, "మీరు చెప్పింది నిజమేనండి. కానీ ఇది సిలబస్‌లో లేదు," అన్నారు.

"సిలబస్‌లో ఉందని నేననలేదండి. తప్పు కాదన్నాను."

ఆయన చెడ్డవారు కాదు. మమ్మల్ని పాస్ చేశారు. మార్కులు మాత్రం అట్టలు మార్చిన బ్యాచ్‌లకంటే తక్కువే వేశారు. వెళ్లేటప్పుడు ప్రిన్సిపాల్‌గారితో ఏమన్నారో తెలియదు, మరుసటి ఏడాది నుంచి ప్రాజెక్టులు మేడంగారి నుంచి తీసేశారు. మళ్లీ ఇవ్వలేదు. ఆవిడ అడగలేదు. క్లాసులయ్యాక ల్యాబ్ తలుపు తీసి కూర్చునేవారు, ఇష్టమున్నవాళ్లు వచ్చేవారు. మార్కుల్లేని పనికి మేడ మెట్లు ఎక్కి వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఉండేవారు. రావులపాలెం అమ్మాయికి సీటు ఆ ఏడు రాలేదు, తర్వాతి ఏడు వచ్చింది.

ఆవిడ రిటైరైన రోజున జరిగినది కూడా చెప్పాలి. సన్మానంలో ఒక విద్యార్థి మైకు పట్టుకుని, లోపాల్లోనే అందం ఉందని మేడం సబ్బు ద్వారా నేర్పారు, వారి జీవితమే దానికి ఉదాహరణ, అంటూ ఆవిడ కాలివైపు చెయ్యి చూపించాడు. చప్పట్లు కొట్టారు. మేడంగారు లేచి మైకు తీసుకున్నారు.

"నాన్నా, సబ్బు సంగతి సబ్బు సంగతే. నా కాలు సంగతి వేరు. నా కాలికి టీకా అందలేదు, అందాల్సింది. అందులో అందమేం లేదు. రెండూ కలిపితే రెండూ అబద్ధమైపోతాయి. కూర్చో."

ఆ తర్వాత అతనికి తన పళ్లెంలోంచి పూతరేకు తీసి ఇచ్చారు. కోపం అక్కడితో అయిపోయేది.

రెండేళ్ల క్రితం జబ్బు బయటపడింది. కాకినాడ తీసుకెళ్లడం, తీసుకురావడం అక్కగారే చూసుకున్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడు నేను అలవాటుగా, "తగ్గిపోతుంది మేడం," అన్నాను. "ఏ ఆధారంతో?" అన్నారు, కళ్లు మూసుకునే.

"భయంగా ఉందా మేడం?"

"ఉంది. ఉంటే? భయమేసిందని పళ్లు తోముకోవడం మానేస్తామా. నీ సంగతి చెప్పు. పిల్లలకి ప్రాక్టికల్స్ చేయిస్తున్నావా?"

లేదన్నాను. మా కాలేజీలో ఎంట్రన్సు కోచింగే ముఖ్యమని ల్యాబుకి తాళం వేసి ఉంచారని చెప్పాను.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఆఫీసులోనండి."

"అడిగేవా?"

"ఇవ్వరు మేడం."

"వాళ్లు కుదరదని చెప్పేరా, నువ్వే చెప్పేసుకున్నావా?"

మర్నాడు అడిగాను. కుదరదన్నారు. ఆ మాట ఆవిడకి ఫోన్ చేసి చెబితే, "మంచిది, ఇప్పుడు తెలిసింది కదా. మళ్లీ అడుగు," అన్నారు. అడుగుతూనే ఉన్నాను. సగం విసుగుతో, సగం నా పోరు పడలేక శనివారాలు తలుపు తీయనిస్తున్నారు. మొదటి శనివారం పిల్లలతో చేయించిన సబ్బు ఫొటోలు మేడంగారికి పంపితే, వాటిలో ఒకదాన్ని పట్టుకుని, అది గాలి బుడగ, దశ కాదు, చూసుకోమని తిట్టారు. ఆవిడ నాకు చెప్పిన చివరి పాఠం అదే, ఒక పొరపాటు మీద.

సాయంత్రం అల్లవరం చేరేసరికి మబ్బు కమ్మేసింది. వాళ్ల ఊరి సమాధుల దొడ్డి రొయ్యల చెరువుల పక్కన ఉంది. గట్టు సన్నం కావడంతో ఒకరి వెనక ఒకరం నడిచాం. పెట్టెని దించేలోపే వాన మొదలైంది, సముద్రం వైపు నుంచి గాలి. పాస్టరుగారు గొడుగు కింద బైబిలు తెరిచి జనాన్ని చూసి, "వాన పెరిగిపోతోందమ్మా. కొంచెం క్లుప్తంగా కానిచ్చేద్దామా?" అని అక్కగారిని అడిగారు.

అక్కగారు పెద్దావిడ. పొలం పనితో నడుం వంగిపోయింది. తల మీద కొంగు జారిపోయి జుట్టంతా తడుస్తోంది.

"వద్దయ్యగారూ. మొత్తం చదవండి," అన్నారు. "తడుస్తాం, ఏమవుద్ది."

ఆయన మొదటి నుంచి చదివారు. గాలికి గొడుగులు వెనక్కి విరిగాయి. కాసేపు సర్దుకుని, తర్వాత ఒక్కొక్కరే ముడిచేశారు. మేడంగారిని చివరిసారి చూడ్డానికి వచ్చినవాళ్లం, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లం, ఊరివాళ్లం, ఆ సన్నగట్టు పొడుగునా వరసగా నిలబడి తడిశాం. పక్క చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు తెల్లటి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. పాస్టరుగారి గొంతు ఆ చప్పుడు మీదుగా పెరుగుతోంది. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.