నాజిల్ తెరిచిన సార్లు: సున్నా

పద్నాలుగేళ్లుగా ఒక విషయాన్ని కక్కలేక మింగలేక మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. మా నాన్న పోయేముందు ఆసుపత్రిలో వారం రోజులు ఆయన పక్కనే కూర్చున్నాను, ఆయనకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. ఇది పిరికితనమే అంటారా? అవును, పిరికితనమే. అసలు చెప్పకపోవడం కంటే ఇది కొంత నయమని నన్ను నేను ఒప్పించుకున్నాను.

నేను రాయపూర్‌లోనే పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేరాడు. నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. మూత ఉన్న వస్తువు కనిపిస్తే తెరిచి లోపల చూడాలి. గోడ గడియారం, పక్కింటివాళ్ల రేడియో, మా అమ్మ కుట్టు మిషను, అన్నీ నా చేతిలో ఒకసారి విడిపోయి మళ్లీ కూడినవే. డిప్లొమా అయ్యాక, ఇంజిన్ల మీద ప్రయోగాలు చేసే ఒక చిన్న కేంద్రంలో సహాయకుడిగా కుదిరాను. దాని పేరెందుకు లెండి. ఒక రేకుల షెడ్డు, అందులో నీళ్ల పంపులకు వాడే చిన్న డీజిల్ ఇంజిను, ఒక లాగ్‌బుక్. అప్పుడు డీజిల్ దొరకడం గగనంగా ఉండేది. కానుగ గింజలు మాత్రం చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్తాలకు బస్తాలు వచ్చేవి. ఆ నూనెతో ఇంజిను ఎందుకు నడవకూడదు అన్నది మా సార్ ప్రశ్న. ఆ ప్రశ్న విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

సార్ ఒక పరీక్ష పెట్టారు. కానుగ నూనె మీద ఇంజిను ఐదు వందల గంటలు నడవాలి. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం ఆపుతాం, మర్నాడు మళ్లీ మొదలు. షరతు ఒక్కటే: చివరి గంట పూర్తయ్యే వరకు నాజిల్ తెరవకూడదు. నాజిల్ అంటే వేలెడంత ఉక్కు ముక్క, కొసన కంటికి ఆననంత సన్నటి రంధ్రాలు. ఇంజిను లోపలికి నూనెను తుంపరగా చిమ్మేది అదే. గింజల నూనె చిక్కనిది కాబట్టి మసి పట్టి ఆ రంధ్రాలు మూసుకుపోతాయేమోనన్నది అందరి అనుమానం. అది తేలాలంటే తెరవకుండా నడపాలి. తెరవకుండా ఉండడం నావంటివాడికి ఎంత కష్టమో మీకిప్పటికే అర్థమై ఉంటుంది.

నాలుగు వందల గంటలు దాటాక విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు రాయపూర్‌లో మిషన్లు తిరగవు. ఉర్లా ఫ్యాక్టరీల నుంచి సైకిల్ షాపు దాకా పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దండలు వేసి, బూందీ పంచుతారు. మా నాన్న జట్టువాళ్లకు ఇంకో నియమం ఉండేది. పైపైన తుడిచి బొట్టు పెడితే అది పూజ కాదు. ఏడాదంతా ఏ భాగం ఎక్కువ కష్టపడిందో దాన్ని విప్పి, కడిగి, ఆరబెట్టి, తిరిగి బిగించి, అప్పుడు బొట్టు పెట్టాలి. ఐదేళ్ల వయసు నుంచి ఆయన పక్కన కూర్చుని కిరసనాయిల్లో నట్లు కడిగినవాణ్ణి నేను.

సార్ ఊళ్లో లేరు. షెడ్డు తాళం నా దగ్గరే ఉంది. ఇంజినంతా తుడిచి, బొట్టు పెట్టబోయి ఆగాను. అంత చాకిరీ చేసిన నాజిల్‌ను మసితో వదిలేసి పైన కుంకుమ అద్దడం ఏదోలా అనిపించింది. అది భక్తేనా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. సగం భక్తి. మిగతా సగం లోపల ఏముందో చూడాలన్న దురద. పూజ పేరు చెప్పి దురద తీర్చుకున్నానంటే కాదనలేను.

విప్పాను. కొసన నల్లటి పువ్వు పూసి ఉంది. రంధ్రాల చుట్టూ రేకులు రేకులుగా గట్టిపడిన మసి. ఒక రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. నాకు భయం వేయలేదు, ఎంత బాగుందో అనుకున్నాను. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుగులో తిప్పి తిప్పి చూశాను. గోటితో గీకితే రాలలేదు. తర్వాత, నాన్న నేర్పినట్టే, ఇత్తడి తీగల బ్రష్‌తో గీకి, కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి బిగించేశాను. బొట్టు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను. పరీక్షను పాడుచేశానన్న సంగతి కొబ్బరిముక్క నములుతుంటే తట్టింది.

మర్నాడు ఇంజిను హాయిగా నడిచింది. పొగ పలచబడింది. తిరిగొచ్చిన సార్ ఆ పొగ చూసి నా భుజం తట్టారు. ఇంజిను నూనెకు అలవాటు పడిందని కనిపించినవాళ్లందరికీ చెప్పారు. అప్పుడే చెప్పి ఉంటే నాలుగు చీవాట్లు తినేవాణ్ణి, పరీక్ష మళ్లీ మొదటి నుంచి పెట్టేవాళ్లం, అంతటితో పోయేది. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు, అదొక కారణం. ఆయన ముఖంలో అంత సంతోషం చూశాక దాన్ని చెడగొట్టాలనిపించలేదు, అది ఇంకో కారణం. ఐదు వందల గంటలు పూర్తయ్యాక అందరి ముందు నాజిల్ విప్పితే కాస్త మసి తప్ప ఏమీ లేదు. చప్పట్లు కొట్టారు. రిపోర్టులో ఒక గడి ఉంది: నాజిల్ తెరిచిన సార్లు. అందులో సున్నా వేసింది నేనే. గుండ్రంగా, అందంగా వేశాను.

ఆ నల్లపువ్వు మాత్రం నన్ను వదల్లేదు. డీజిల్‌తో అంతగా పట్టని మసి దీనితో ఎందుకు పడుతోంది? గరిటెడు కానుగ నూనె ఇంటికి తెచ్చి, మా ఆవిడ గుడికి వెళ్లిన సమయం చూసి, దోసెల పెనం మీద పోసి పొయ్యి వెలిగించాను. చేదు వాసన వీధంతా కమ్ముకుంది. నూనె ముందు పలచబడింది, తర్వాత బంకలా సాగింది, చివరకు గోధుమరంగు పొరగా గట్టిపడింది. బూరెల మూకుడు అంచున ఏళ్ల తరబడి పేరుకునే జిడ్డు లేదూ, అచ్చం అదే. మా ఆవిడ వచ్చి, “మీ పరిశోధనకు నా పెనమే దొరికిందా?” అని దాన్ని నాచేతే తోమించింది. తోముతుంటే బోధపడింది. ఈ నూనె పూర్తిగా కాలదు, కొంత ముద్ద కడుతుంది. ముందే వేడిచేసి పంపితే? డీజిల్ కలిపితే? మధ్యమధ్య నాజిల్ కడుగుతూ ఉంటే? ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరికీ చూపించలేదు. చూపిస్తే నీకెలా తెలిసింది అని అడుగుతారు.

మా రిపోర్టు పైవాళ్లకు నచ్చింది. నిజంగా పని జరిగే చోట ఒక ఇంజిను నడిపి చూడమన్నారు. ఉర్లా దారిలో గున్నమ్మ గారి పిండిమర ఉండేది. ఆవిడదీ శ్రీకాకుళం వైపే. భర్త పోయాక ఏళ్లపాటు రైస్ మిల్లులో బస్తాలు మోసి, సొంతంగా ఇంజిను కొనుక్కుని మర పెట్టుకుంది. కరెంటు పోయినా ఆగని మర ఆ బస్తీలో అదొక్కటే. మా అమ్మ పిండి అక్కడే పట్టించేది. ఆవిడ ఒప్పుకుంది. మేమిచ్చిన నూనె వల్ల ఇంజిను పాడైతే కొత్తది పెట్టించే పూచీ మాది అని కాగితం రాసుకున్నాం. దాని మీద ఆవిడ వేలిముద్ర, మా సార్ సంతకం.

గున్నమ్మ గారికీ నా జబ్బే ఉంది. మొదటిరోజే నూనెలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, చేదుకు మొహం చిట్లించింది. పొగ వాసన చూసింది. ఇంజిను పక్కన చెవి పెట్టి చాలాసేపు విన్నది. ఇక నూనె వడకట్టడంలో ఆవిడను చూసి నేనే నేర్చుకున్నాను. పాత నేతపంచె రెండు మడతలు వేసి, జల్లెడ మీద పరిచి, నూనె నెమ్మదిగా పోసేది. మూడు రోజులు బిందెలో తేరనిచ్చి, అడుగున మడ్డి కదలకుండా పైది మాత్రమే ముంచేది. నేను వారం వారం వెళ్లి చూసేవాణ్ణి. ఆవిడ ఒక్కసారి కూడా వడకట్టకుండా పోయలేదు.

కొన్ని నెలలయ్యాక, ఇంజిను ఆవాజ్ మారిందని ఆవిడ అంది. మెకానిక్‌ను పిలిచి నాజిల్ విప్పించి చూస్తానంది. ఆ చెవి ఎంత సరిగ్గా విన్నదో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం. నేనేమన్నానో తెలుసా? ఐదు వందల గంటలకీ మేము తెరవలేదు, మీకేమీ కాదు, తెరిస్తే పరీక్ష చెడిపోతుంది అన్నాను. తెరవమంటే నా సున్నా ఏం కావాలి? చదువుకున్నవాడి మాట కదా అని ఆవిడ ఊరుకుంది.

పదిరోజులకు ఇంజిను పట్టేసింది. జనం డబ్బాలతో వరుసలో నిలబడి ఉండగా ఒక్క కుదుపుతో ఆగిపోయిందట. మేం వెళ్లి విప్పాం. నాజిల్ మీద అదే పువ్వు, ఇంకా పెద్దది. కాలని నూనె కిందికి జారి, అడుగున ఉండే ఇంజిన్ ఆయిలు జున్నులా ముద్దకట్టింది. పిస్టన్, బేరింగులు అన్నీ పోయాయి. సార్‌కు దిమ్మతిరిగింది. షెడ్డులో నిక్షేపంగా నడిచింది ఇక్కడెందుకు ఇలా అయింది? పరీక్ష సరైనదైతే తప్పు మనిషిదే అయి ఉండాలి. నూనె సరిగ్గా వడకట్టేదా అని నన్ను హిందీలో అడిగారు. గున్నమ్మ గారు పక్కనే ఉంది. ఆవిడకు హిందీ వచ్చు. నేను నోరు తెరిచేలోపే నావైపు తిరిగింది.

“నాను వడకట్టనేదేటి బాబూ? నువ్వు సూసినావు గదా, సాబ్‌కి సెప్పు.”

“రోజూ నేనిక్కడ ఉండలేదు గదా గున్నమ్మ గారూ.”

“వారం వారం వచ్చినావు. ఒక్కపాలైనా నూనిలో సెత్త అగుపడిందేటి నీకు?”

“మిగతా రోజుల్లో ఏమైందో నాకెలా తెలుస్తుంది?”

ఆవిడ నన్ను కాసేపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో. ఆ కళ్లు, ఇంజిను చప్పుడు విన్నప్పుడు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి, లోపల ఏం చెడిందో కనుక్కోవాలన్నట్టు. “బస్, అయితే ఇంకేటి నేదు,” అని పిండిచేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

వడకట్టని నూనె వాడడం వల్ల ఇంజిను చెడిందని రిపోర్టు రాశాను. అవును, అదీ నా చేతిరాతే. ఆ ఒక్క వాక్యంతో మా పూచీ రద్దయింది. ఆవిడ ఇంజిను పాత ఇనుముకు పోయింది. మురికి నూనె పోసి మిషను తగలేసుకుందని బస్తీలో చెప్పుకున్నారు, మా అమ్మ కూడా అంది. నేను అన్నం తింటూ విన్నాను. తర్వాత ఆవిడ తెలీబంధాలో ఇంకొకరి మరలో పిండి జల్లిస్తూ కనిపించింది. అప్పటి నుంచి ఆ దారి మానేసి శంకర్ నగర్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. కొన్నాళ్లకు అక్కడా లేదు. భిలాయిలో చెల్లెలి దగ్గరకు వెళ్లిందని ఒకరు, సొంత ఊరు వెళ్లిందని ఇంకొకరు. నేను గట్టిగా వాకబు చేయలేదు. దొరుకుతుందేమోనని భయం.

పల్లెటూరివాళ్లకు ఈ నూనె వాడడం చేతకాదని మా ఫైలు మూసేశారు. ఆ పువ్వు ఎందుకు పూస్తుందని ఇంకెవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆ నోటుబుక్కు బయట పెట్టి ఉంటే, ఈపాటికి ఎక్కడిదాకా వచ్చేవాళ్లమో. నిజం చెప్పాలంటే, ఆ పువ్వు సంగతి తేలకుండా పోయిందన్నదే నన్ను ఎక్కువ బాధిస్తుంది. ఇది కూడా తప్పేనా? ఒక మనిషి బతుకు చెడగొట్టి, మసి గురించి ఆలోచించడం?

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. గింజల నూనెల మీద కొత్తగా పరిశోధన చేస్తోందట. నూనెలో స్పిరిట్, కాస్త క్షారం కలిపి పలచగా మార్చే పద్ధతి చెప్పింది. ఉండబట్టలేక గంటసేపు ప్రశ్నలతో చంపాను. అప్పుడు తను సంచిలోంచి మా పాత రిపోర్టు కాపీ తీసింది. మార్చని నూనెతో తను నడిపిన ఇంజినుకు నాజిల్ ఊరికే మూసుకుపోతోందట. మీకెందుకు మూసుకుపోలేదు అంకుల్, నేనేమైనా సరిగ్గా చేయడం లేదా అని అడిగింది. మూడుసార్లు మొదటి నుంచి చేసిందట పాపం. చూసి చెబుతానని కాపీ ఉంచుకున్నాను.

ఇవాళ పొద్దున దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. సున్నా కొట్టేసి ఒకటి వేశాను. ఎప్పుడు తెరిచానో, ఏం చూశానో రాసి సంతకం పెట్టాను. నోటుబుక్కు కూడా దానికి జతచేశాను. ఆ అమ్మాయి అడిగింది అంతవరకే. పిండిమర సంగతి తనకు తెలియదు, దానికి ఆ కాగితంలో గడి లేదు. ఇప్పుడు రాస్తే పోయిన మర తిరిగొస్తుందా? రాదు. ఆవిడ చదువుతుందా? ఆవిడకు చదువే రాదు, అసలు ఉందో లేదో కూడా నాకు తెలియదు. అయినా పెన్ను మూత పెట్టలేకపోయాను. అడుగున మిగిలిన ఖాళీలో, ఆ రోజు సార్ ముందు చెప్పాల్సిన మాట రాశాను: గున్నమ్మ గారు నూనె వడకట్టింది. ప్రతి వారం వడకట్టింది. నేను చూశాను.