లాహోరు చిలుకకు కన్ను పెట్టిన మజీద్ భాయ్

పిడుగురాళ్ల మజీద్ భాయ్ ఒక్క కుంచెపోటుతో రెండు దేశాల యుద్ధానికి మంగళం పాడాడు. నమ్మనివాళ్లు హైవే పక్కన లారీ షెడ్ల దగ్గరికి వచ్చి కనుక్కోవచ్చు. అక్కడి టీ కొట్టులో ఎవరైనా చెబుతారు, ఒక్క మజీద్ భాయ్ తప్ప.

అబ్దుల్ మజీద్ లారీల మీద బొమ్మలు వేసే మనిషి. ఆయన వేసిన పులిని చూసి దాచేపల్లి దగ్గర కుక్కలు రోడ్డు దాటడం మానేశాయి. ఇప్పుడు బళ్లన్నింటికీ స్టిక్కర్లే. తోటి పెయింటర్లలో ఒకడు పోయాడు, ఇంకొకడు స్టిక్కర్ల కొట్టే పెట్టుకున్నాడు. ఎర్రరంగు ఎండకు ఎందుకు వెలిసిపోతుందో మాట్లాడుకుందామన్నా భాయ్‌కి ఊళ్లో మనిషి లేడు.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. యుద్ధం ఆగింది కాబట్టి, మళ్లీ స్నేహం కలవాలని, రెండు దేశాల లారీ బొమ్మలు ఒకే హాల్లో పెడుతున్నారట. లాహోరు నుంచి రఫాకత్ అనే లారీ పెయింటరు కూడా వస్తున్నాడట.

"నీ బొమ్మను నలుగురూ చూడాలనేగా భాయ్, ఈ హడావిడి?" అన్నాడు లారీ ఓనరు త్రికోటేశ్వరరావు, భాయ్ బొమ్మ వేసిన తన బండి వెనక తలుపు ఊడదీసి ఇస్తూ.

"బొమ్మదేముంది. ఆయనతో రెండు మాటలు మాట్లాడాల."

రఫాకత్ చెక్క మీద వేసిన బొమ్మ దుబాయి మీదుగా చుట్టు తిరిగి వచ్చింది. రఫాకత్ రాలేదు. వీసా ఇవ్వలేదన్నారు. జనం వచ్చారు, ఫోటోలు దిగారు, వెళ్లారు. భాయ్ మాత్రం ఆ లాహోరు చెక్క ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గులాబీల మధ్య పచ్చని చిలుక. కన్ను ఉండాల్సిన చోట తెల్లటి చుక్క, అందులో కంటిపాప లేదు.

పిడుగురాళ్లలో కొత్త లారీ మీది పిట్టకు కంటిపాప ముందే పెట్టరు. బండి రోడ్డెక్కే రోజు, ఓనరు గుమ్మడికాయ కొట్టాక పెయింటరు తన చేత్తో పెడతాడు. పాపం, వచ్చి పెడదామని ఉంచుకున్నాడు, రానివ్వలేదు అనుకున్నాడు భాయ్. ఆఖరి రోజు బొమ్మలు దించుతుంటే ఇక ఉండబట్టలేక, నల్లరంగు డబ్బా మూత తీసి చుక్క పెట్టేశాడు.

ప్రదర్శన నడిపే ప్రవీణ్ కుమార్ పరిగెత్తుకొచ్చాడు. "ఇదేం పనండీ మజీద్ గారూ? పరాయి దేశం సొత్తు. ఇప్పుడు వాళ్లకేం చెప్పను?"

ఫోటో తీసి లాహోరు పంపాడు. కాసేపటికి రఫాకత్ గొంతు వచ్చింది, ఉర్దూలో: "భాయీజాన్, అది నిద్రపోతున్న చిలుక. ఆ తెలుపు దాని రెప్ప." ఆపైన చిన్న నవ్వు. "లేపారుగా. ఉండనివ్వండి."

మళ్లీ ఒకసారి వినిపించమన్నాడు భాయ్. ప్రవీణ్ వినిపించి, ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. రఫాకత్ నంబరు అడుగుదామని భాయ్ అనుకున్నాడు గానీ, అంత తప్పు చేసి అడగడానికి నోరు రాలేదు.

ఇప్పుడు టీ కొట్టులో త్రికోటేశ్వరరావు ఎవరొస్తే వాళ్లకు చెబుతాడు. "ఆ లాహోరాయన మా భాయ్‌ని వాటేసుకున్నాడబ్బా. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. ఆ దెబ్బతో రెండు సర్కార్లూ చల్లబడ్డయ్. ఏం భాయ్, చెప్పవేంది?"

మజీద్ భాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆయన రాలా. ఇద్దరికని పట్టుకపోయిన కూర నేనొక్కడినే తిన్నా."