విరగని గ్యాస్‌కు సన్మానం

కామారెడ్డిలో నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన కాలేజీలో ముందు శాలువా కప్పేవారు, ఆ తర్వాత ప్రయోగం చేసేవారు. నా ప్రాజెక్టు గైడు సారుకైతే ప్రయోగం కూడా పెద్దగా అక్కర్లేదు. తన బొమ్మతో ఫ్లెక్సీ ఉంటే చాలు.

అల్ట్రాసౌండ్‌తో నీళ్లలోని కార్బన్ డయాక్సైడును విరగ్గొట్టడం నా ప్రాజెక్టు. సారు కళ్లద్దాల దుకాణం నుంచి అద్దాలు కడిగే అల్ట్రాసౌండ్ డబ్బా తెప్పించారు. అందులో సోడా పోసి, కాసేపు గుయ్యిమనిపించి, లిట్మస్ కాగితం ముంచితే ముందున్నంత ఎర్రబడలేదు. "అయిపోయిందమ్మా, గ్యాస్ విరిగింది" అన్నారు. సోడా సీసా మూత తీసి పెట్టినా అంతే కదా! నిజంగా విరగాలంటే నీళ్లలో ఆర్గాన్ అనే గ్యాస్ కూడా కలపాలి, బుడగలు నలిగి లోపల విపరీతమైన వేడి పుట్టాలి. మా ల్యాబులో ఆర్గాన్ మాట దేవుడెరుగు, నల్లాలో నీళ్లే రావు.

నేను డబ్బాకు మూత బిగించి, దానికో గొట్టం తగిలించి, రెండో కొసను సున్నపు తేటలోకి పెట్టాను. తేట తెల్లబడింది, కార్బన్ డయాక్సైడు తగిలితే అంతే. గ్యాస్ విరగలేదు, నిక్షేపంగా బయటికి వచ్చేసింది. చూపిస్తే సారు మొహం మాడ్చుకున్నారు.

"నోరు మూసుకుంటే ప్రాజెక్టు మీద సంతకం పెడుత. లేకుంటే నీ డిగ్రీ సంగతి నువ్వే చూసుకో."

గ్యాస్ విరగ్గొట్టినందుకు కాలేజీలో సారుకు పెట్టిన సన్మానానికి ఎల్లారెడ్డి నుంచి మా బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రంగు మారితే జనానికి బాగుంటుందని సారు వేదిక మీద నా సున్నపు తేటనే పెట్టించారు! అది తెల్లబడగానే "చూసిన్రా, విరిగింది!" అన్నారు. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్లు మండింది. మైకు లాక్కున్నాను.

"విరగలే సార్. తెల్లగయిందంటే గ్యాస్ గట్లనే ఉన్నట్టు."

"పిల్ల ఇంకా నేర్చుకుంటున్నది" అని సారు నవ్వారు. మళ్లీ చప్పట్లు. శాలువా పడింది.

నాకు సంతకం మాత్రం పడలేదు. ఏడాది పోయింది. కుళ్లి కుళ్లి ఏడ్చాను, దాచడమెందుకు.

సన్మానం రోజే బాపు గేటు దగ్గర సారు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ విప్పుకుని, చుట్టి, బస్సులో వేశాడు. కోతలయ్యాక ఎల్లారెడ్డి కల్లంలో మా వడ్ల కుప్ప మీద సారు నవ్వుతూ పడుకున్నారు. వాన దంచి కొట్టింది. పొద్దున్నే బాపు ఫ్లెక్సీ ఎత్తి, ఓ గింజ కొరికి చూశాడు.

"ఒక్క గింజ తడవలే బిడ్డా. సారుతోని గీ ఒక్క పనన్న అయింది."