లక్సెట్టిపేట దాటాక కంప్యూటర్‌ పరీక్ష

తొంభైల మొదట్లో కరీంనగర్‌లోని మా ప్రభుత్వ కంప్యూటర్‌ ఆఫీసులో ఒక వాదన రోజుల తరబడి నడిచింది. దేశమంతటి ఆసుపత్రులను కలిపే కంప్యూటర్ల వ్యవస్థలో మొదట ఎవరికి చోటివ్వాలి? ఫోన్‌ లైన్లు బాగున్న పట్నాలకే అన్నారు మా ఆఫీసరు. జన్నారం అవతలి అడవి ఊరిలా డాక్టరు దొరకని చోటే ముందు కావాలని నేను గొంతు చించుకున్నాను. "అయితే నువ్వే పోయి పరీక్ష చేసి రా. లైన్‌ కలిస్తే ఆ ఊరి పేరు జాబితాల ఉంటది" అన్నారాయన. అలా మొదలైంది నా ప్రయాణం.

పొద్దున ఐదున్నరకు ఉట్నూరు బస్సెక్కాను. టికెట్టు ముప్పై రూపాయలు, కంప్యూటర్‌ పెట్టెకు లగేజీ మరో పది. చొప్పదండి దాటేదాకా ప్రతి గుంతకూ పెట్టెను గట్టిగా పట్టుకున్నాను.

"టీవీనా సార్?" అన్నాడు డ్రైవరు.

"కంప్యూటర్‌. దవాఖానకు."

"గదెందుకు? డాక్టర్ను తోల్కపోరాదుండ్రి!"

రాయపట్నం వంతెన మీద గోదావరి కనిపించినా నా కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. లక్సెట్టిపేటలో బస్సు పది నిమిషాలు ఆగింది. పెట్టెను వదల్లేక టిఫిన్‌కు దిగలేదు. జన్నారం దాటి అడవిలోకి వెళ్ళాక, పదిన్నరకు నేను దిగాల్సిన ఊరు వచ్చింది.

ఆసుపత్రి ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఎందుకని కాంపౌండరు నర్సయ్యను అడిగాను.

"మీరే గద సార్‌, కంప్యూటర్‌ పరీక్ష ఉన్నదని కబురు వెట్టిండ్రు. నేను చాటింపు ఏయించిన."

నెత్తి కొట్టుకున్నాను. వీళ్ళంతా కంప్యూటర్‌ తమకు పరీక్ష చేస్తుందని వచ్చారు! అందరికంటే ముందు కూర్చున్న సోంబాయి అనే ముసలామె తెల్లారకముందే గూడెం నుంచి నడిచి వచ్చిందట. "దగ్గుతోని నిద్ర పడ్తలేదు బిడ్డా. జర జల్ది చూపియ్యి" అంది.

మోడెంను ఫోన్‌ తీగకు తగిలించి నాలుగుసార్లు ప్రయత్నించాను. హైదరాబాదులోని కంప్యూటర్‌ కలిసినట్టే కలిసి తెగిపోయింది. మూడింటికి తిరుగు బస్సు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"పాసయిందని రాయరాదుండ్రి సార్‌" అన్నాడు నర్సయ్య మెల్లగా. "గట్లనన్న మా ఊరి పేరుంటది."

అబద్ధం రాయలేక, ఫెయిలని రాశాను. లైన్‌ బాగుచేసి మళ్ళీ పరీక్షించాలని కింద చేర్చాను. తర్వాత సోంబాయి దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, గిది మనుషులను చూసేది కాదు. పరీక్ష దీనికే."

"దానికే పానం బాగలేదా?" అని జాలిగా పెట్టెను నిమిరింది. "పోనీ బిడ్డా. దానికి బాగైనంక కబురు వెట్టు, మల్లొస్త." నర్సయ్య ఇచ్చిన మాత్రలు కొంగున కట్టుకుని నడిచి వెళ్ళిపోయింది.

మా ఆఫీసరు నా నివేదికలో ఫెయిలన్న మొదటి వాక్యం ఒక్కటే చదివి సంతకం పెట్టారు. జాబితాలో ఆ ఊరి పేరు రాలేదు. లైన్‌ సరిగా లేని ఊరికి లైన్‌ సరిగా లేదనే కారణంతోనే అన్నీ ఆపేయడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కోపం ఆఫీసరు మీద కంటే, లైన్‌ బాగుచేయాలన్న మాట కింద రాసిన నా మీదే ఎక్కువ. సోంబాయికి కబురు పెట్టే రోజు రానేలేదు.

అటు వెళ్ళేవారు మొదటి బస్సే పట్టుకోండి, లక్సెట్టిపేటలో కడుపు నిండా తినండి. ఆసుపత్రి పని మీదైతే మాత్రం, ముందు పంపే కబురులో 'పరీక్ష' అన్న మాట రాయకండి. అక్కడివాళ్ళు నమ్మి నడిచి వస్తారు.