ఆమె కొట్టి వదిలేసిన లైను

ఆ రోజుల్లో ఆఫీసుకి వెళ్లగానే నేను మొదట చేసే పని ఏమిటో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కలకత్తా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తు. టీ కూడా రాకముందే సర్వర్‌లోకి వెళ్లి, మా ఆఫీసులోని ఒకమ్మాయి ముందు రోజు ఏమేం టైపు చేసిందో చదివేదాన్ని. అందరం కలిసి వాడుకునే సర్వర్ అది. ఎవరు ఏ కమాండ్ కొట్టినా వాళ్ల పేరు మీద ఒక ఫైల్లో వరసగా పడి ఉంటుంది. అడ్మిన్‌ని కనుక ఆ ఫైళ్లన్నీ తెరిచే అధికారం నాకుంది. ఆ అధికారాన్ని ఆమె ఒక్కదాని మీదే వాడాను.

ఆమె ఖిదిర్‌పూర్ రేవు దగ్గరి వాట్‌గంజ్ నుంచి వచ్చేది. తండ్రి కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పనిలో ఉన్నాడు. తాత కూడా అదే పనిమీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. ఆఫీసు మొత్తానికి తెలుగువాళ్లం మేమిద్దరమే. చేరిన మొదటి రోజే నా బల్ల దగ్గరికి వచ్చి, "మీరూ మనోళ్లేనటప్పా? అబ్బ, బతికిపోనాను. బెంగాలీలో ఇకటాలాడితే ఈళ్లకి నవ్వు రాదు" అంది. నేను ఇంగ్లీషులో జవాబు చెప్పాను. అయినా ఆమె నన్ను అప్పా అని పిలవడం మానలేదు. నేను ఆమెకి ఏ విధంగా అక్కనయ్యానో నాకు అర్థమయ్యేది కాదు.

మాది విజయనగరం పక్క ఒక చిన్న ఎస్టేటు. నేను పుట్టేనాటికే అందులో ఏమీ మిగల్లేదు. నాన్నగారు బ్యాంకు ఉద్యోగం మీద కలకత్తా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. దివాణం నుంచి వచ్చిన ఒక్క నిలువుటద్దం మా అద్దె ఇంటి గుమ్మంలో పట్టక మెట్ల మలుపులో నిలబడి ఉండేది. పై వాటా వాళ్లు పనికి పోతూ అందులో తల దువ్వుకునేవారు. కుర్చీకి వీపు ఆనించి కూర్చోవడం మా ఇంట్లో తప్పు. ఆఫీసులోనూ అలాగే నిటారుగా కూర్చునేదాన్ని. నా వెనక నన్ను రాణీమా అంటారని తెలుసు. నాకేమీ కోపం రాలేదు. సగం నిజమే కదా అనుకునేదాన్ని.

ఆమె వచ్చేవరకూ ఆ గదిలో సందేహం వస్తే అందరూ నా దగ్గరికే వచ్చేవారు. మా పని లినక్స్ సర్వర్లు చూసుకోవడం. వాటికి కావలసిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలుగా వస్తుంది. వేల ప్యాకేజీలు ఒకచోట పేర్చి ఉంచిన గోదాము లాంటిదాన్ని రిపోజిటరీ అంటారు. ఏ ప్యాకేజీ ఒంటరిగా నడవదు. దానికి ఇంకో నాలుగు కావాలి, ఆ నాలుగింటికి మరో పది కావాలి. వీటినే డిపెండెన్సీలు అంటారు. రెపోక్వెరీ అనే కమాండ్ ఒకటి ఉంది. నల్ల తెర మీద ఒక్క లైను కొడితే, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే ఆ గోదాములో ఏముందో, దేనికి ఏం కావాలో, దేని మీద ఏవి ఆధారపడ్డాయో చెబుతుంది. నాకూ తెలుసు దాని సంగతి. మాన్యువల్ పక్కన పెట్టుకుని రెండు మూడు రకాల ప్రశ్నలు అడిగేదాన్ని.

ఆమె దానితో కబుర్లు చెప్పుకున్నట్టుగా ఉండేది. ఎవరైనా వచ్చి "ఈ ఫైలు ఏ ప్యాకేజీది?" అని అడిగితే తల తిప్పకుండానే ఒక లైను కొట్టేది. జవాబు పడేది. వెంటనే ఇంకో లైను. కొద్ది నెలలకి కుర్చీలు ఆమె బల్ల చుట్టూ చేరాయి.

"మా అత్తగారికి నా మీద ఎందుకు కోపమో కూడా అడుగు దిది" అన్నాడొకరోజు ఒక బెంగాలీ సహోద్యోగి.

"అది మీ ఇంటి రిపోజిటరీ దాదా. నాకు పర్మిషన్ లేదు" అంది ఆమె. గదంతా నవ్వింది.

నేను నవ్వలేదు. నాకు కడుపులో మండింది. తెలివిగలవాళ్లని చూసి నేనెప్పుడూ ఓర్వలేకపోలేదు. నాకంటే పై మెట్టు మీద పుట్టినవాళ్లని చూసీ కాదు. ఈమెని చూసే మండింది. మర్నాటి నుంచే ఆమె ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఆమె కొట్టిన లైన్లు ఒక నోటుబుక్కులో ఎక్కించుకుని, ఎవరూ లేనప్పుడు కొట్టి చూసుకునేదాన్ని. నేర్చుకుంటున్నానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నేర్చుకునేవాళ్లు వెళ్లి అడుగుతారు.

అలా ఉండగా ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఒక సరకుల ఆఫీసు పని వచ్చింది. అక్కడి సర్వర్ మీద మా ప్రోగ్రాము పెట్టాలి. ఇంటర్నెట్ లేదు, రాదు. కావలసిన ప్యాకేజీలన్నీ ముందే లెక్క చూసి, సీడీలో ఎక్కించుకుని పట్టుకెళ్లాలి. ఒక్కటి తగ్గినా ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. మా మేనేజరు మమ్మల్నిద్దర్నీ పిలిచాడు.

"ఇద్దరూ విడివిడిగా లిస్టు తియ్యండి. గురువారం చూద్దాం. ఇది బాగా జరిగితే వచ్చే నెల నుంచి ఆఫీసు రిపోజిటరీ మొత్తం ఒకరికి అప్పగించాలని ఉంది." ఆ మాట నన్ను చూసే అన్నాడు. తర్వాత ఆమెనీ చూశాడు.

ఆ బాధ్యత నాకు కావాలి. కావాలనుకోవడం ఎంత తీవ్రంగా ఉండేదంటే, మంగళవారం పొద్దున్న బ్యాగు భుజం మీద ఉండగానే ఆమె ఫైలు తెరిచాను. ముందు రోజు సాయంత్రం కొట్టిన లైను అందులో ఉంది. చిన్నది, శుభ్రంగా ఉంది. మా ప్రోగ్రాము పేరు, దానికి కావలసినవాటిని తోడు తెచ్చుకొమ్మనే ఒక మాట. అంతే. అదే లైను నా మెషీన్ మీద కొట్టాను. ముప్ఫై ఎనిమిది ప్యాకేజీలు దిగాయి. ఒక్క సీడీలో పట్టాయి. సంతృప్తిగా నోటుబుక్కు మూసేశాను. ఆ తర్వాత రెండు రోజులూ ఆమె ఫైలు తెరవలేదు.

గురువారం ఆమె తెచ్చిన జాబితాలో నూటికి పైగా ఉన్నాయి. రెండు సీడీలు.

నేను ఆశ్చర్యపోయాను. నా దగ్గరున్నది ఆమె లైనే కదా. మరి ఇవన్నీ ఎక్కడివి? కానీ ఆ ప్రశ్న అడగాలంటే దొంగతనం ఒప్పుకోవాలి. "పెళ్లికి సారె పంపుతున్నావా?" అన్నాను, తెలుగులో. ఆమెతో ఆఫీసులో నేను మాట్లాడిన మొదటి తెలుగు మాట అదే.

"ఎక్కువైతే ఏటప్పా, మిగుల్తాది. తక్కువైతేనే కదా తంటా" అంది.

మేనేజరు ఒక్క సీడీనే ఇష్టపడ్డాడు. పైగా నేను సీనియర్‌ని. మర్నాడు నేనే వెళ్లాలని తేలింది. ఆమె ఆ రోజు సెలవు పెట్టుకుంది.

రేవు ఆఫీసులో ఒక గుమాస్తా, పెద్దాయన, సర్వర్ ఉన్న గది తాళం తీసి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సీడీ పెట్టాను. అయిదు నిమిషాలు నడిచి ఆగింది. ఫలానా ప్యాకేజీ కావాలి, లేదు అంది. దాన్ని దాటించబోతే ఇంకొకటి. తర్వాత వరసగా ఒక పేజీ నిండా.

"కీ హొలో దిది, ఏమైంది?" అన్నాడు గుమాస్తా. "మీ యంత్రానికి జ్వరమా?"

మేనేజరుకి ఫోన్ చేస్తే బాధ్యత పోయినట్టే. అరగంట ఆ తెర ముందు కూర్చున్నాను. గుమాస్తా నా మొహం, తెర మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి బయటికి వెళ్లి ఆమెకి ఫోన్ చేశాను.

"నా సీడీలు ఇంటికాడే ఉన్నాయప్పా. ఇంకో జత రాసుకున్నాను. వొచ్చీండి, పది నిమిసాల దూరం. మసీదు కాడ దిగి మా క్వార్టర్లని అడగండి, ఎవులైనా సూపిస్తారు" అంది. ఏమైందని అడగలేదు.

కార్పొరేషన్ క్వార్టర్లలో వాళ్లది ఒకటే గది, ముందు చిన్న వరండా. బల్లమంచం మీద కంప్యూటర్, మూత తీసి ఉంది, లోపలి తీగలు కనిపిస్తున్నాయి. పాత భాగాలు ఒక్కొక్కటే తెచ్చి కూర్చిందట. ఆమె తండ్రి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నమస్కారం పెట్టి, వెంటనే ఆమెని అడిగాడు.

"ఏటైనాదే? డిపెండెన్సీ తప్పిపోనాదా?"

ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. మా నాన్నగారికి నేనేం చేస్తానో తెలియదు. ఇంటికొచ్చినవాళ్లతో అమ్మాయి పెద్ద కంపెనీలో అధికారి అని చెప్పి ఊరుకుంటారు. ఒక్కసారీ అడగలేదు. ఈ గదిలో టీ కాచే తల్లికి కూడా తన కూతురి కంప్యూటర్ ఎప్పుడు ఎక్కడ ఆగిందో తెలిసే ఉంటుంది. ఆమె తెలివి చూసి కలిగిన అసూయ ఈ అసూయ ముందు ఎంతో చిన్నదనిపించింది.

గోడవారగా కూర్చున్న నాయనమ్మ అడిగింది. "ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను. ఊరి పేరు చెప్పి, అక్కడి దివాణం మా తాతగారిదేనని కూడా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆవిడ టీ గ్లాసు నా వైపు జరిపింది.

"ఏటో తల్లీ, ఇటొచ్చీసి మూడు తరాలైపోనాది. అటేపోళ్లు ఎవులూ గ్యాపకం నేరు. టీ తాగు, సల్లారిపోతాది."

ఆమె సీడీలు తీస్తూ నా లైను ఏమిటని అడిగింది. చెప్పక తప్పలేదు. చెప్పాను. చటుక్కున నవ్వింది.

"అదే లైను నేనూ ముందు కొట్టినానప్పా! సోమారం. సీడీ రాసి ఇంటికి తెచ్చి దీంట్లో పెడితే ఆగిపోనాది. అది మన ఆఫీసు మెసీనులో ఏటి నేదో అదే తెస్తాది. మన మెసీనులో అన్నీ ఉన్నాయి కదా, ఉన్నవి ఒగ్గీసి మిగతావి తెచ్చినాది. ఆ రేవు మెసీను మా ఇంటి మెసీనులాగ ఒట్టిది. అందుకే బుదవారం దాన్ని ఒగ్గీసి రెపోక్వెరీతో గోదామునే అడిగినాను. దీనికేటి కావాలి, దానికేటి కావాలి, చివరంటా చెప్పమని."

ఆ ఇంటికి నెట్ లేదు. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా ఆఫీసులో జాబితా తీసుకుని సీడీలో మోసుకురావాల్సిందే. ఒక్కటి మరిచిపోతే మళ్లీ రెండు బస్సులు. ఆమె నేర్పంతా అక్కడిది. నేను దొంగిలించింది ఆమె చేసిన పొరపాటుని. దాన్ని ఆమె రెండు రోజుల్లో వదిలేసింది, నేను దాచుకుని రేవు దాకా మోసుకెళ్లాను.

"నేనూ వొచ్చీదునా?" అంది.

"అక్కర్లేదు" అన్నాను.

ఆమె సీడీలతో పని గంటలో అయిపోయింది. గుమాస్తా చేతులు జోడించి తాళం వేసుకున్నాడు. ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియదు. సోమవారం ఆమె కూడా ఒక్క మాట ఎత్తలేదు. రిపోర్టు రాయాల్సింది నేను. జాబితా తయారు చేసినవారు అని ఒక గడి ఉంటుంది. అందులో నా పేరు టైపు చేశాను. తీసేశాను. ఆమె పేరు రాసి, నేను పట్టుకెళ్లింది పనిచేయలేదని కింద ఒక వాక్యం చేర్చాను.

దాన్ని మంచితనం అనుకోవద్దు. ఆమె నన్ను కాపాడిందనే మాట నా ఒంటి మీద ఉండటం భరించలేకపోయాను, అంతే. ఆమె ఫైలు చదివేదాన్నని మాత్రం రాయలేదు.

రిపోజిటరీ ఆమెకే అప్పగించారు. మేనేజరు ఆ మాట చెప్పినప్పుడు గదంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అలాగ రాసీసారేటప్పా? నేనెవులికీ చెప్పనేదు."

"తెలుసు" అన్నాను.

వారం తిరక్కుండా ఆమె అందరికీ ఒక మెయిల్ పంపింది, నెట్ లేని చోటికి జాబితా ఎలా తియ్యాలో. ఏ లైను ఎందుకు చాలదో, ఏది కొట్టాలో, అన్నీ ఉన్నాయి. తప్పు ఎలా జరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇచ్చింది. నా పేరు కోసం, రేవు ఆఫీసు ప్రస్తావన కోసం పైనుంచి కిందిదాకా మూడుసార్లు వెతికాను. లేదు. మొదటిసారి తాను చేసిన పొరపాటు అని రాసింది. పేరు ఉంటే కనీసం కోప్పడి ఉండేదాన్ని. ఆ కాస్త హక్కు కూడా నాకు మిగల్చలేదనిపించి ఒళ్లు మండిపోయింది. మెయిల్ మూసేశాను. తర్వాత మళ్లీ తెరిచి, ఆమె కొట్టమన్న లైనుని అక్షరం తప్పకుండా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఈసారి అందరికీ పంపిందే కనుక, బల్ల మీద బాహాటంగా పెట్టుకునే రాసుకున్నాను.