రక్షణ గడువు ముగిసిన ఆదివారం

కంప్యూటరంటే జనానికి ఇంకా భయమూ భక్తీ ఉన్న కాలం అది. మౌసు ముట్టుకునే ముందు గుమ్మం దగ్గర చెప్పులు విప్పించేవాళ్ళు. అప్పట్లో కొత్త కంప్యూటరు కొంటే మనం అడిగింది ఒకటైతే అడగనివి ముప్పై వచ్చేవి. పెళ్ళికని దిగి పదహారు రోజుల పండగ దాకా కదలని చుట్టాల్లాగా తెర నిండా బొమ్మలు తిష్ఠ వేసుకుని ఉండేవి. నాలుగు ఆటలాడగానే ఆగిపోయే చదరంగం, ఎవరూ తెరవని విజ్ఞాన సర్వస్వం, ఫోటోలకు పూలదండలు తగిలించే సాఫ్ట్‌వేరు, పదిహేను రోజులు మాత్రమే కాపలా కాసే యాంటీవైరస్. కంపెనీవాళ్ళు ఇవన్నీ మన మీద ప్రేమతో ఇచ్చారనే నేను నమ్మేదాన్ని. (ఇరవై రెండేళ్ళ వయసులో మనుషుల్నే అంత తేలిగ్గా నమ్మేదాన్ని, ఇక కంపెనీలెంత?)

ఉద్యోగం వెతుక్కోవడానికి నంద్యాల నుంచి బెంగుళూరు వచ్చి, కె.ఆర్.పురంలో పెద్దమ్మ వాళ్ళింట్లో దిగాను. పెద్దమ్మ ఆసుపత్రిలో నర్సు. సూది వేసినా ప్రార్థన చేసినా ఒకటే పద్ధతి: ఎదుటివాళ్ళు కదలకూడదు. నేను బీకాం చదివి ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేశాను. అందులో నేను గట్టిగా నేర్చుకున్నది యంత్రాన్ని సరిగ్గా ఆపడం ఎలాగో, అంతే. పెద్దమ్మ మాత్రం మా తెలుగు చర్చిలో ప్రతి ఒక్కరికీ "మా చెల్లెలి బిడ్డ, కంప్యూటర్ ఇంజినీరు" అని పరిచయం చేసింది. నేను కాదనలేదు. కాదంటే పెద్దమ్మ మాట పోతుందని నాకు నేను చెప్పుకున్నాను గాని, అలా పిలిపించుకోవడం బాగానే ఉండేది.

పెద్దనాన్న సంగతి వేరు. ఆయన తాతల కాలం నుంచీ బెంగుళూరే. ప్రతి ఆదివారం పెద్దమ్మను స్కూటరు మీద చర్చికి తెచ్చి దించి, తను గేటు బయట ఆ స్కూటరు మీదే కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే వరస. "లోపలికి రాండి, ఒక్క పాట వినిపోదురు" అని పెద్దమ్మ అంటే, "నాకు ఈడే బాగుండాది, నువ్వు పో. సుమ్నే తొందర చేయొద్దు" అనేవాడు. (సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని.) లోపల సంఘమంతా కలిసి ఆయన పేరు పెట్టి మరీ ప్రార్థన చేసేది. అది గేటు పక్కన కట్టిన మైకులో బయటికి వినపడేది. ఆయన పేరు రాగానే పేపరు తిప్పి రెండో పేజీ చదివేవాడట.

అలాంటి చర్చికి కొత్త కంప్యూటరూ, గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టరూ వచ్చాయి. పాటల పుస్తకంలో అక్షరాలు ముసలివాళ్ళకు కనబడడం లేదని పాస్టరుగారు తెప్పించారు. తెచ్చిన రెండు వారాలకు, ఒక శనివారం సాయంత్రం నన్ను పిలిచారు. ఆయనది గుంటూరు వైపు. "అమ్మాయ్, రేపు కేరళ నుంచి ఇంగ్లీషు బోధకుడు వస్తున్నాడు. గోడ మీద వాక్యం వెయ్యబోతే ఈ చదరంగాలూ పూలదండలూ ఏంటమ్మా? రేపటికల్లా ఈ చెత్తంతా తీసెయ్యగలవా?" అన్నారు.

"అయిదు నిమిషాల పని అయ్యగారూ" అన్నాను.

నిజంగానే అయిదు నిమిషాలు పట్టింది. ఒక్కొక్క బొమ్మనూ పట్టుకుని, తెర మూలనున్న చెత్తబుట్ట బొమ్మ దాకా ఈడ్చుకెళ్ళి అందులో పడేశాను. ఆ తర్వాత బుట్ట కూడా ఖాళీ చేశాను. తెర కళ్ళాపి చల్లిన వాకిలిలాగా అయింది. పాస్టరుగారు "అబ్బ, ఎంత శుభ్రం!" అన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దమ్మ కొంగు సవరించుకుని చుట్టూ చూసింది, ఆ మాట ఇంకెవరైనా విన్నారా అని.

మర్నాడు చర్చి కిక్కిరిసిపోయింది. కేరళ బోధకుడు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే పక్కన నిలబడి తెలుగు చెప్పేది తర్జుమా తాత. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన చెవిలో ఏ ఇంగ్లీషు ముక్క పడినా నోట్లోంచి బైబిలు తెలుగై బయటికి రావలసిందే. (కె.ఆర్.పురం స్టేషనులో రైలు ఆలస్యమని ఇంగ్లీషులో చెబితే, పక్కనున్నవాళ్ళకు "బండి తడవు చేయుచున్నది" అని చెప్పిన మనిషి.) నేను వేదిక పక్కన కంప్యూటరు ముందు బల్ల వేసుకుని ఇంజినీరులాగా కూర్చున్నాను.

ప్రసంగం చివరికి వచ్చింది. అందరూ కళ్ళు మూసుకుని ఎవరి బతుకు వాళ్ళు తలచుకోమన్నాడు బోధకుడు. తాత కూడా కళ్ళు మూసుకునే ఆ మాట తెలుగులో చెప్పాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సరిగ్గా అప్పుడు గోడ మీద వాక్యాన్ని కప్పేస్తూ ఎర్రటి పెట్టె ఒకటి ఊడిపడింది. స్పీకర్లలో అంబులెన్సు మోత మోగింది. దాని వెనకే ఒక ఆడగొంతు:

"వార్నింగ్! యువర్ ప్రొటెక్షన్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్!"

తాత కళ్ళు తెరవలేదు. అలవాటు ఆగుతుందా? మైకులో గంభీరంగా అన్నాడు: "హెచ్చరిక! మీ రక్షణ గడువు ముగిసినది!"

చర్చి భాషలో రక్షణ అంటే మాటలా? పాపాల నుంచి విడుదల, పరలోకానికి దారి, సమస్తం. దానికి గడువు తీరిందని ఒక కనబడని స్త్రీ వచ్చి చెబితే ఎవరికి మాత్రం గుండె ఆగదు? ఆడవాళ్ళ వైపు నుంచి "ప్రభువా!" అని ఒక కేక లేచింది. ఇంకో ఇద్దరు అందుకున్నారు.

"యూ ఆర్ ఎట్ రిస్క్!"

"మీరు అపాయములో ఉన్నారు!"

"రెన్యూ నౌ!"

"ఇప్పుడే నూతనపరచుకొనుడి!"

బోధకుడు బిత్తరపోయి అటూ ఇటూ చూసి, "హూ ఈజ్ స్పీకింగ్?" అన్నాడు. తాత అదీ వదల్లేదు. "ఎవరు మాటలాడుచున్నారు?" అన్నాడు.

అది నేను నిన్న పారేశాననుకున్న యాంటీవైరస్, దాని పదిహేను రోజులూ అయిపోయాయి. పెట్టెలో రెండే మీటలు ఉన్నాయి. ఒకటి ఇప్పుడే చేసుకోమని, రెండోది తర్వాత గుర్తు చేయమని. మూసెయ్యడానికి మూడోది ఎక్కడా లేదు. సంఘం మొత్తం గోడ వైపు చూస్తుండగా, మూరెడు పొడుగు బాణం గుర్తు వణుక్కుంటూ వెళ్ళి రెండో మీట మీద నిలబడింది. అప్పటికి తాత కళ్ళు తెరిచాడు. "తరువాత జ్ఞాపకము చేయుము" అని చదివి, నా వైపు చూశాడు. సంఘమంతా నా వైపు చూసింది. మూడో వరసలోంచి పెద్దమ్మ గొంతు పైకే వినపడింది: "రక్షణ ఇప్పుడే కావల్నా అంటే, తర్వాత చూస్తామని నొక్కుతావేమే!"

పెట్టె మాయమై, అర నిమిషంలో మళ్ళీ ఊడిపడింది. మళ్ళీ మోత, మళ్ళీ ఆడగొంతు, మళ్ళీ తాత.

ఇంతలో నా బల్ల పక్కనున్న గుమ్మంలో పెద్దనాన్న కనబడ్డాడు. చంకలో పేపరు, చేతిలో స్కూటరు తాళం. చెప్పులు విడిచి లోపల అడుగు పెడుతూనే, "ఎవురప్పా అది, గడువు అయిపోయిండాదని మైకులో చెప్పేది? పోయిన నెలే ఇన్సూరెన్సు కట్టినా కదా! కాగితం ఈడే ఉండాది, చూడండప్పా!" అన్నాడు.

ఆ మాటలు దగ్గర్లో ఉన్న నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. ఎందుకంటే ఆయన పాదం గడప దాటగానే పెద్దమ్మ లేచి ఒక్క కేక వేసింది. సంఘమంతా లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళు పేరు పెట్టి ప్రార్థించిన మనిషి, రక్షణ గడువు ముగిసిందని వినగానే పరుగెత్తుకొచ్చాడు! పాస్టరుగారు వేదిక దిగి ఆయన్ను కౌగిలించుకున్నారు. ఆయన ఇన్సూరెన్సు కాగితం పట్టుకున్న చెయ్యి పాస్టరుగారి భుజం మీదుగా గాల్లో ఉండిపోయింది. అది కూడా చెయ్యెత్తి స్తుతించడమేనని అందరూ అనుకున్నారు. తీసుకెళ్ళి మొదటి వరసలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. నేను బల్ల కింద దూరి, రెండు చేతులతో గోడలోంచి తీగ పీకేశాను.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి గదికి వెళ్ళి ఏడ్చినంత పని చేశాను. "అయ్యగారూ, నేను దేన్నీ తీసెయ్యలేదు. పైన బొమ్మలే తీసేశాను. లోపల అన్నీ అట్లే ఉన్నాయి. నేను ఇంజినీరును కూడా కాదు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "పైన బొమ్మ చెరిపేస్తే లోపలున్నది పోయిందనుకున్నావా? నాకు నాలుగు వారాల ప్రసంగం ఇచ్చావు తల్లీ!" అన్నారు. (నాలుగు వారాలూ ఇచ్చారు. నా పేరు చెప్పలేదు గాని, చెప్పనక్కర్లేకపోయింది.)

అంతకంటే కష్టమైన పని ఇంట్లో ఉంది. పెద్దమ్మ ఆనందంతో కోడిపులుసు చేస్తోంది. వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాను. గరిటె ఆగింది.

"అంటే మీ పెద్దనాన్న స్కూటరు ఇన్సూరెన్సు కోసం వచ్చినాడా?"

"అవును పెద్దమ్మా."

మళ్ళీ గరిటె తిప్పింది. "ఇరవై ఏండ్లు ప్రార్థన చేసినా. ఏ దోవలో తీసుకరావల్నో నేనేమన్నా చెప్పినానా? వచ్చినాడు, అంతే. నువ్వు పాస్టరమ్మకు మాత్రం చెప్పొద్దు" అని ఉప్పు చూడమంది.

ఆ వారమంతా సాయంత్రాలు చర్చిలో కూర్చుని, కోర్సు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో సహా పీకాను. చదరంగం మర్యాదగా పోయింది. యాంటీవైరస్ మాత్రం, నిజంగానే వెళ్ళమంటారా అని మూడుసార్లు అడిగింది. మా బంధువులెవరూ అంత గింజుకోలేదు.

తర్వాతి ఆదివారం పెద్దనాన్న స్కూటరుకు స్టాండు వేసి, ఎవరూ పిలవకముందే లోపలికి నడిచాడు. "బయట ఎండ" అన్నాడు పెద్దమ్మతో. మొదటి వరసలో ఫ్యాను కింద కూర్చుని, నా వైపు వంగి గుసగుసగా అడిగాడు: "పాపా, ఆ ఆడమనిషిని తీసేసినావా?"

"తీసేసినా పెద్దనాన్నా."

"అయ్యో" అన్నాడు మనస్ఫూర్తిగా. "ఆయమ్మ బాగ చెప్తా ఉండె."

ఆయన లేడిప్పుడు. చివరిదాకా ఆ వరసలోనే కూర్చున్నాడు, మధ్యమధ్యలో కునుకు తీస్తూ. నా ఆఫీసు ఇప్పుడు బెళ్ళందూరులో. కొత్త ల్యాప్‌టాప్ వస్తే అందులో చెత్తంతా పావుగంటలో శుభ్రంగా తీసేస్తాను, ఒక్క పొరపాటు చెయ్యను. నేను పని చేస్తే ఇప్పుడు ఎవరూ కేక వెయ్యరు, ఎవరూ పరుగెత్తుకు రారు. అంత బాగా పని వచ్చేసినందుకు అప్పుడప్పుడు కొంచెం బెంగగా ఉంటుంది.