సాంబ్రాణి పట్టిన సీడీ రికార్డరు

విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల మధ్య ఇరుకు మెట్లు ఎక్కితే కాశిం గారి రిపేరు కొట్టు వస్తుంది. అరవై దాటిన మనిషి. రేడియోలతో మొదలుపెట్టి టేపురికార్డర్లు, వీసీఆర్‌లు, సీడీ ప్లేయర్లు అన్నీ చూశారు. బజారంతా సెల్‌ఫోన్లకు మారినా ఆయన మారలేదు. పాడైన పెట్టెలను నడుమెత్తు పేర్చుకుని మధ్యలో కూర్చుంటారు. ఆ చిందరవందర చూడగానే నాకు ఒళ్లు మండింది. నా మిషనూ ఆ గుట్టలో కలిసిపోతుందనుకున్నాను.

నేను తీసుకెళ్లింది మా తమ్ముడు ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన సీడీ రికార్డరు, దాంతో ఒకే ఒక్క డిస్కు. అందులో మా ఆయన ఎల్లారావు గొంతుంది, ఒకప్పుడు ఇంట్లో సరదాగా పాడించి పట్టింది. ఆయన చేపల మార్కెట్లో వేలం పాట పాడేవాడు. బొచ్చె చేపల బుట్ట దగ్గర గొంతెత్తితే అవతలి వీధికి వినపడేది. తర్వాత గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్‌లో ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పటికి మా ఫోన్లు మాట్లాడుకోవడానికే తప్ప వీడియోలకు పనికొచ్చేవి కావు. ఆయన మాటంటూ మిగిలింది ఆ డిస్కులోనే. వింటే బాధపడతాడని ఇన్నేళ్లూ నేను దాన్ని ముట్టుకోలేదు. మొన్న మనవరాలు, "తాతకు మాటలు ఎప్పుడూ రాలేదా?" అని అడిగింది. ఆయనే లేచి బీరువాలోంచి డిస్కు తీసి నా చేతిలో పెట్టాడు.

రికార్డరు దాన్ని చదవలేదు. పక్కింటివాళ్ల ప్లేయర్లో, అల్లుడి కారులో పెట్టినా అంతే. ఇద్దరు మెకానిక్కులు డిస్కు పోయింది, పారేయమన్నారు. ఆ మాటకు వాళ్లిద్దరినీ ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

కాశిం గారు తొందరపడే రకం కాదు. ముందు కరెంటు వైరు, తర్వాత మిగతా వైర్లు, ఆ తర్వాత వేరే డిస్కు పెట్టి చూశారు, దాన్నీ చదవలేదు. స్క్రూడ్రైవరు ఆఖర్న గానీ పట్టరు. ఈలోగా పెళ్లిచూపుల్లో అడిగినట్టు ఒకటే ప్రశ్నలు.

"రికార్డింగు అయ్యాక ఫైనలైజ్ చేశారామ్మా?"

"అదేంటండీ? పాడటం అయిపోగానే ఆపేసి అన్నాలకు లేచాం."

"అదీ సంగతి. ఆఖర్న వేయాల్సిన ముద్ర వేయలా. అట్టాంటి డిస్కుని రాసిన మిషనే చదవాల, వేరేవి చదవలేవు. డిస్కు బాగానే ఉండుద్ది, మిషను బతకాలంతే."

మూత విప్పి చూసి, "లేజరు పోయినట్టుందే," అన్నారు. ఆయన మళ్లీ వంగి, వేలితో లోపల రుద్ది, ఆ వేలు వాసన చూశారు.

"దీన్ని ఎక్కడ పెట్టారమ్మా?"

"దేవుడి గదిలోనండీ. శుక్రవారం అన్నిటితో పాటు దీనికీ సాంబ్రాణి వేస్తా. లోపలికీ తగలాలని డిస్కు పెట్టే సొరుగు తెరిచి మరీ పడతా."

కాశిం గారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "మా ఇంటావిడ ఫక్రున్నీసా గురువారం గురువారం ఊదు పొగ వేసుద్ది. నా టేపురికార్డరు ఆవిడ భక్తికే పోయింది. అందుకే ఈ వాసన పట్టా!"

నాకు సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. ఆయన దూదిపుల్లతో లెన్సు మీది జిడ్డు మెల్లగా తుడిచారు. మిషను మా డిస్కును చదివింది.

"ముద్ర ఇప్పుడే వేయనమ్మా. ముసలి మిషను, మధ్యలో ఆగితే ఉన్నదీ పోద్ది. ముందు పాడించి కంప్యూటర్లోకి ఎక్కిద్దాం. ఎల్లారావు గారేరీ?"

నాతో వచ్చిన మా ఆయన కింద మెట్ల దగ్గరే ఆగిపోయాడు. పైకి రావడానికి భయం. కాశిం గారు పని ఆపి కిందికి వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడే బటన్ నొక్కారు. సొంత అన్నయ్య కూడా అంత ఓపిక పట్టడు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వేలం పాట వచ్చింది. కొట్టంతా ఆ గొంతే. మా ఆయన పెదాలు దానితో పాటు కదిలాయి. పాట అయిపోయిందనుకున్నాం. అప్పటికింకా మైకు ఆపినట్టు లేం.

"మణీ! అన్నం పెట్టు, ఆకలేస్తంది!"

"ఆఁ, వస్తన్నా!" అని లేచి నిలబడ్డాను.

మా ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కాశిం గారు ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. నేను మళ్లీ పలికాను.